తెలుగు మీడియంలో చదివాం, ఇంగ్లీష్ ఎస్సే రాయడం ఎలా?

ప్రశ్న (అనంతపురం నుంచి)

అందరికీ నమస్కారం. మాది కళ్యాణదుర్గం దగ్గర పల్లె. పదో తరగతి దాకా తెలుగు మీడియం. ఇప్పుడు అనంతపురంలో రూమ్ తీసుకుని సివిల్స్‌కి చదువుతున్నాను. మెయిన్స్ తెలుగులోనే రాస్తాను. కానీ ఇంగ్లీష్ పేపర్ తలచుకుంటేనే టెన్షన్. తెలుగులో అనుకుని ఇంగ్లీషులోకి మార్చుకుంటూ పోతే గంటకు పది లైన్లు కూడా రావు. గైడ్‌లోంచి 20 ఎస్సేలు బట్టీ పట్టాను. మొన్న టెస్టులో వాటిలో ఒక్కటీ రాలేదు. ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పండి.

జవాబు (కర్నూలు, బ్యాంకు ఉద్యోగి)

తమ్ముడూ, రోజూ ఇంగ్లీష్ పేపర్లో ఎడిటోరియల్ చదువు. కొత్త మాటలు నోటు పుస్తకంలో ఎక్కించుకో. నాకు పనికొచ్చింది అదే.

జవాబు (అనంతపురం, రిటైర్డ్ ఇంగ్లీష్ లెక్చరర్)

ఎడిటోరియల్ చదవడం మంచిదే, కానీ నీ అవసరం వేరు నాయనా. ముందు భయం తగ్గించుకో. ఆ పేపర్ 300 మార్కులకు. 25 శాతం, అంటే 75 వస్తే చాలు. ఆ మార్కులు ర్యాంకులో కలవవు. అయితే అవి రాకపోతే మిగతా పేపర్ల మార్కులు లెక్కలోకి తీసుకోరు కాబట్టి తేలిగ్గా వదిలేయకూడదు. స్థాయి పదో తరగతిదే. అందులో ఎస్సేకు 100 మార్కులు, సుమారు 600 మాటలు. 80, 90 మాటల పేరాలు ఏడు రాస్తే అయిపోతుంది. కాబట్టి ఎస్సే సంగతి పక్కన పెట్టి, ఒక్క పేరా రాయడం నేర్చుకో. ఈమధ్య ఏదైనా రాసి ఉంటే ఇక్కడ పెట్టు, చూద్దాం.

ప్రశ్న అడిగినవారు

సార్, కరువు మీద రాసింది. తెలుగు అక్షరాల్లోనే టైప్ చేస్తున్నాను.

‘డ్రాట్ ఈజ్ బిగ్ ప్రాబ్లమ్ ఇన్ అవర్ కంట్రీ. ఫార్మర్స్ ఆర్ సఫరింగ్ ఫ్రమ్ మెనీ ఇయర్స్. గవర్నమెంట్ షుడ్ టేక్ నెసెసరీ స్టెప్స్.’

లెక్చరర్

మొదటి వాక్యంలో ‘బిగ్ ప్రాబ్లమ్’ ముందు ‘ఎ’ పడాలి. మూడో వాక్యంలో ‘గవర్నమెంట్’ ముందు ‘ది’ పడాలి. మన తెలుగులో ఇవి లేవు కాబట్టి చెయ్యి వాటిని దాటేస్తుంది. రాసిన తర్వాత ఒక్కసారి వీటి కోసమే మళ్లీ చదువు. రెండో వాక్యంలో ‘ఎన్నో ఏళ్ల నుంచి బాధపడుతున్నారు’ అనే తెలుగు దాక్కుని ఉంది. ఇంగ్లీషులో ‘హావ్ సఫర్డ్ ఫర్ మెనీ ఇయర్స్’ అనాలి. మనవాళ్ల పేపర్లు దిద్దినన్నాళ్లూ నాకు ఎక్కువగా కనబడిన తప్పు ఇదే.

కానీ నన్ను బాధపెట్టింది గ్రామర్ కాదు. ఈ మూడు వాక్యాలు ఏ ఊరి పిల్లవాడైనా రాయగలడు. కళ్యాణదుర్గం వాడివి, కరువు గురించి నీకు తెలిసింది ఇందులో ఏముంది? మీ చేనులో ఏం జరుగుతుందో తెలుగులోనే చెప్పు.

ప్రశ్న అడిగినవారు

శనక్కాయ వేస్తాం సార్. ఊడలు దిగేటప్పుడు వాన పడకపోతే కాయ పట్టదు. తర్వాత ఎంత పడినా లాభం లేదు. కట్టె మాత్రం ఇంటికొస్తుంది, పశువులకు. వాన రాక, పంట పోయి, అప్పు తీర్చలేక, మా చిన్నాన్న వాళ్లు బెంగళూరు పోయి అక్కడే బేల్దారి పని చూసుకున్నారు.

లెక్చరర్

ఇదీ పేరా! చివరి వాక్యం చూడు. రాక, పోయి, తీర్చలేక, పోయి, ఇలా ఎన్ని పనులనైనా ఒకే వాక్యంలో గుచ్చుకుంటూ పోవచ్చు, తెలుగులో అది అందం. ఇంగ్లీషులో అలాగే రాయబోతే ‘అండ్, అండ్’ అంటూ దారి తప్పుతాం. ఒక్కో పనికి ఒక్కో వాక్యం ఇచ్చెయ్. ఇంకో సంగతి. మనం కథంతా చెప్పి అసలు మాట చివర్లో అంటాం. ఎస్సేలో అసలు మాట ముందు రావాలి. ఇలా:

‘ఇన్ అవర్ విలేజ్, ఎ లేట్ రెయిన్ కెన్ రూయిన్ ది హోల్ క్రాప్. ది గ్రౌండ్‌నట్ నీడ్స్ వాటర్ ఇన్ ఆగస్ట్. ఇఫ్ ది రెయిన్ కమ్స్ లేట్, ది పాడ్స్ డు నాట్ ఫిల్. వుయ్ టేక్ హోమ్ ఓన్లీ ఫాడర్. మై అంకుల్ లాస్ట్ హిజ్ క్రాప్. హి కుడ్ నాట్ రీపే హిజ్ లోన్. హి నౌ వర్క్స్ ఇన్ బెంగళూరు.’

ఇందులో నీకు తెలియని మాట ‘ఫాడర్’ ఒక్కటే అయి ఉంటుంది. పశువుల మేత అని. గట్టి మాటల కోసం వెతుక్కోనక్కర్లేదు.

జవాబు (కడప, హైస్కూల్ టీచర్)

సార్ చెప్పింది నిజం. నేనొక మాట కలుపుతాను తమ్ముడూ. కొంతమంది పిల్లలు ఫోన్లో బ్రౌన్ నిఘంటువు చూసి ఎస్సేలో మాటలు పెడుతున్నారు. అది 1850ల నాటి ఇంగ్లీష్, ఇప్పుడు అతకదు. కానీ ఆ బ్రౌన్ దొర పద్ధతి మాత్రం మనకు కావాలి. 1820లో మా కడపకు వచ్చేనాటికి ఆయనకు 22 ఏళ్లు నిండలేదు. తెలుగు ఆయనకు పరాయి భాష. పండితులను జీతాలిచ్చి పెట్టుకుని, వాళ్లతో కలిసి తాళపత్రాలు చదివి, ప్రతుల్లోని తేడాలు సరిచూసుకుంటూ పనిచేశాడు. నీ పేరా కూడా ఇంకొకరి కంట పడాలి. వాళ్లు గీసిన తప్పులు సరిచేసి, అదే పేరాను మళ్లీ మొదటినుంచి రాయాలి. మా పిల్లల చేత ఒక్కో పేరా మూడుసార్లు రాయిస్తాను. మూడోసారికి చెయ్యి తడబడదు.

ప్రశ్న అడిగినవారు

థాంక్యూ అక్కా, థాంక్యూ సార్. ఇన్నాళ్లూ నా దగ్గర రాయడానికి ఏమీ లేదనుకున్నాను. టైమ్ ఎంత పెట్టుకోవాలి?

లెక్చరర్

మొదటి నెల గడియారం చూడకు. రోజుకు ఒక పేరా, కాగితం మీద, పెన్నుతో. రెండో నెల నుంచి వారానికి ఒక పూర్తి ఎస్సే. పరీక్షలో మొత్తం మూడు గంటలు కాబట్టి దీనికి గంట దాటనివ్వకు. అందులో మొదటి పది నిమిషాలు ఏ పేరాలో ఏం చెప్పాలో తెలుగులోనే పాయింట్లు రాసుకో, తప్పు లేదు. రేపటి పేరా బెంగళూరు వలస మీద రాయి. మీ చిన్నాన్న పొద్దున ఎన్నింటికి పనికి పోతాడో ఫోన్ చేసి అడిగి, అక్కడి నుంచి మొదలుపెట్టు. సాయంత్రం లోపల ఇక్కడ పెడితే దిద్దుతాను.