కారు బ్రేక్ ప్యాడ్లు అరిగితే డిస్కులు కూడా మార్చాల్సిందేనా?

సెకండ్‌హ్యాండ్ బండి:
నిన్నటి నుంచి బుర్ర తినేస్తోంది, మీరే తేల్చండి. వారం రోజులుగా బ్రేక్ తొక్కితే ముందు ఎడమ చక్రం దగ్గర సన్నగా కీచుమంటోంది. కంపెనీ సర్వీసుకు కాకుండా తెలిసినవాళ్లు చెప్పిన బయటి గ్యారేజీకి తీసుకెళ్లాను. మెకానిక్ చక్రం విప్పి, ఒక్క చూపు చూసి, "ప్యాడ్లు అయిపోయాయి సార్, డిస్కులు కూడా రెండూ మార్చేద్దాం" అన్నాడు. చక్రంతో పాటు తిరిగే ఇనుప పళ్లెం డిస్కు, దాన్ని రెండు పక్కలా నొక్కి ఆపేవి ప్యాడ్లు, నాకు తెలిసింది అంతవరకే. డిస్కులకేమైంది అని అడిగితే, "ప్యాడ్లు మారిస్తే డిస్కులు మార్చాలి, అంతే" అన్నాడు. ఆ 'అంతే' దగ్గరే నాకు తేడా కొట్టింది. ఏమీ వద్దని బండి తెచ్చేసుకున్నాను. ఇంటికొచ్చి, చల్లారాక డిస్కు మీద వేలితో రాసి చూశాను. సన్నటి గీతలున్నాయి, బయటి అంచున చిన్న గట్టులా తగులుతోంది. అంతకుమించి నాకేం తెలియలేదు. నేను చేసింది తప్పా?

అనుమానం పక్షి:
తప్పేం లేదు, బతికిపోయారు. కొలవకుండా, చూపించకుండా 'అంతే' అన్నవాడిని నేనైతే నమ్మను. ఒకసారి నా పాత కారుకి వెనక డ్రమ్ము బ్రేకుల్లో లైనర్లు (ప్యాడ్ల లాంటివే) మార్చామని బిల్లు ఇచ్చారు. పాతవి చూపించమంటే చెత్తలో పడేశామన్నారు. ఆర్నెల్లకి ఇంకో చోట డ్రమ్ము విప్పితే అవే పాత లైనర్లు, దుమ్ముతో సహా! అప్పటి నుంచి పాత సామాను చేతికిచ్చాకే డబ్బులు.

గ్రీజు చేతులు:
నేను మెకానిక్‌ని, సొంత గ్యారేజీ. తిట్టేముందు ఒక్క మాట వినండి. సెకండ్‌హ్యాండ్ గారూ, ముందు ఆ బండిని బయటికి తీయకండి. ఆ కీచు ఊరికే రాదు. చాలా ప్యాడ్లకి చిన్న ఇనుప నాలుక ఉంటుంది. ప్యాడ్ అరిగి చివరికి వచ్చిందంటే అది డిస్కుకి తగిలి అరుస్తుంది. అరవడం ఆగి గరగరమని మొదలైందంటే ప్యాడ్ వెనక రేకే డిస్కుని కోస్తోందని అర్థం. కొత్త ప్యాడ్ మీద పదార్థం 10, 12 మి.మీ. దాకా ఉంటుంది, 3 మి.మీ.కి వచ్చిందంటే మార్చేయడమే.

ఇక 'అంతే' సంగతి. గీతలు పడ్డ డిస్కు మీద కొత్త ప్యాడ్ వేస్తే మొదట్లో అది ఎత్తుగా ఉన్నచోట్ల మాత్రమే ఆనుతుంది. అంచున గట్టు ఉంటే ప్యాడ్ కొన దానికి రాసుకుని శబ్దం చేస్తుంది. రెండు వారాలకి కస్టమర్ వచ్చి "నువ్వు వేసిన ప్యాడ్లు నాసిరకం" అని అందరి ముందూ గొడవ పెట్టుకుంటాడు. ఇలా నాలుగుసార్లు తిన్నవాడు ఐదోసారి డిస్కులు కూడా మార్చమనే చెప్తాడు. అది మోసం కాదండీ, భయం.

కొలత:
మీ భయం అర్థమైంది అన్నా, కానీ దానికి కస్టమర్ జేబు ఎందుకు ఖాళీ కావాలి? డిస్కు మార్చాలో లేదో చెప్పే అంకె డిస్కు మీదే ఉంటుంది. మధ్యలో టోపీలా ఉండే భాగం మీదో, అంచు మీదో కనీస మందం పోతపోసి ఉంటుంది. తుప్పు పట్టి ఉంటే వైర్ బ్రష్‌తో రుద్దితే కనిపిస్తుంది. ఉదాహరణకి కొత్తగా 22 మి.మీ. ఉండే డిస్కుకి కనీసం 20 అని ఉండొచ్చు. మైక్రోమీటర్‌తో (మందాన్ని సన్నగా కొలిచే పరికరం) చుట్టూ ఐదారు చోట్ల కొలవాలి. మామూలు వెర్నియర్ పెడితే దాని దవడలు అంచున ఉన్న గట్టు మీద కూర్చుంటాయి, అరిగిన డిస్కు కూడా కొత్తదానిలా కనబడుతుంది. వేలితో రాసి చూడటం కొలత కాదు, సెకండ్‌హ్యాండ్ గారూ. సన్న గీతలు మాత్రం మామూలే.

అనుమానం పక్షి:
విన్నారా! అంకె కంటే ఎక్కువుంటే మార్చక్కర్లేదు. మెకానిక్ తప్పు, కేసు క్లోజ్.

కొలత:
ఆగండి, నేను అలా అనలేదు. ఇవాళ 20.2 ఉందనుకుందాం, కనీసం 20. ఇవాళ్టికి పాసే. కానీ ఇప్పుడు వేసే కొత్త ప్యాడ్లు ఎన్నో వేల కిలోమీటర్లు నడుస్తాయి. అవి సగం అరిగేలోపే డిస్కు ఆ కనీసం కంటే కిందికి పోతుంది. అప్పుడు డిస్కుల కోసం మళ్లీ విప్పాలి. కొత్త డిస్కుల మీద పాత ప్యాడ్లు వేయకూడదు కాబట్టి సగం బతికున్న ప్యాడ్లూ పోతాయి. అందుకే "కనీసానికి పైన ఉందా?" అని మాత్రమే అడిగితే సరిపోదు, "ఈ ప్యాడ్లు అయ్యేదాకా ఆగుతుందా?" అని కూడా అడగాలి. 21.5 ఉంటే ఆగుతుంది. 20.2 అయితే మెకానిక్ చెప్పిందే సరి. ఆయన కారణం చెప్పకపోవడమే నాకు నచ్చనిది.

ఘాట్ రోడ్డు:
మధ్యేమార్గం ఒకటుంది కదా, లేత్ మీద ఫేసింగ్ చేయిస్తే, అంటే డిస్కు పైపొరని చదునుగా చెక్కిస్తే, గీతలూ గట్టూ రెండూ పోతాయి. నేను అలాగే చేయించాను, బ్రేక్ తొక్కితే స్టీరింగ్ వణికేది, అదీ తగ్గింది. డిస్కు వంకర పోయిందన్నారు.

గ్రీజు చేతులు:
చేయించొచ్చు, కానీ లేత్ తీసేది కూడా మందాన్నే కదా. చెక్కిన తర్వాత కూడా కనీసానికి పైన ఉండాలి. ఘాట్ దిగేవాళ్లు మరీ జాగ్రత్త. డిస్కు పలచబడేకొద్దీ వేడిని తట్టుకునే సత్తువ తగ్గుతుంది.

వంకర అన్నారు చూడండి, మేమూ అలాగే అంటాం గానీ చాలాసార్లు డిస్కు వంగి ఉండదు. ఒకచోట మందం, ఇంకోచోట పలచన. ఆ తేడా మిల్లీమీటర్లో నూరో వంతు, రెండు వంతులున్నా చాలు, పెడల్ కాలికింద కొట్టుకుంటుంది. ఒక్కోసారి హబ్బు (డిస్కు, చక్రం బిగించే మధ్యభాగం) మీద తుప్పు గీకకుండా డిస్కు బిగించేస్తారు. డిస్కు ఏటవాలుగా కూర్చుంటుంది, తిరుగుతూ తిరుగుతూ ఒకేచోట అరుగుతుంది. చక్రం నట్లని గన్‌తో అడ్డదిడ్డంగా బిగించినా ఇదే తంతు. హబ్బు శుభ్రం చేయకుండా కొత్త డిస్కు వేసినా మూడు నెలల్లో మళ్లీ వణుకుడే.

ఘాట్ రోడ్డు:
బ్రేక్ ఆయిల్ సంగతి ఎవరూ ఎత్తలేదేం? ఒకసారి దిగుడులో నా పెడల్ మెత్తగా లోపలికి పోయింది, గుండె జారింది. ఆ ఆయిల్ తేమ పీల్చుకునే సరుకు. డాట్ 4 రకానికి కొత్తగా ఉన్నప్పుడు మరిగే వేడి కనీసం 230 డిగ్రీలు ఉండాలి, తేమ పట్టాక ఆ కనీసం 155కి పడిపోతుంది. మరిగితే ఆవిరి బుడగలే, ఇక తొక్కినా పట్టదు. నేను రెండేళ్లకోసారి మార్పిస్తున్నాను.

గ్రీజు చేతులు:
బాగా గుర్తుచేశారు. డబ్బాలో లెవెల్ తగ్గిందని పై నుంచి పోసేస్తుంటారు చాలామంది. లీకేజీ లేకుండా లెవెల్ మెల్లగా దిగిందంటే ప్యాడ్లు అరుగుతున్నాయని లెక్క. పోసేస్తే ఆ ఆనవాలు పోతుంది. పైగా కొత్త ప్యాడ్ల కోసం, ప్యాడ్‌ని తోసే పిస్టన్‌ని వెనక్కి నొక్కితే ఆయిల్ పొంగి పెయింట్ మీద పడుతుంది, పెయింట్ లేచిపోతుంది.

ఇంకొకటి, సెకండ్‌హ్యాండ్ గారు "ముందు ఎడమ చక్రం దగ్గర" అన్నారు. నన్నడిగితే అసలు సంగతి అక్కడే ఉంది. రెండువైపులా ఒకేలా అరగాలి. లోపలి ప్యాడ్ చూశారా వాళ్లు? బయటికి కనిపించేది బయటి ప్యాడే. మొన్న ఒక బండికి బయటిది సగం ఉంది, లోపలిది రేకు తేలింది. క్యాలిపర్ (ప్యాడ్లని పట్టుకుని డిస్కుకి నొక్కే భాగం) జరిగే పిన్ను చేత్తో లాగితే రాలేదు. సుత్తితో కొడితే వచ్చింది, ఒళ్లంతా తుప్పు. అంతకుముందు ఎవరో మామూలు గ్రీజు పూశారు, రబ్బరు తొడుగు ఉబ్బి చిరిగి నీళ్లు దిగాయి. దానికి సిలికాన్ గ్రీజే వాడాలి.

సెకండ్‌హ్యాండ్ బండి:
ఇవాళ్టి కబురు. మీ మాట విని బండి కదపలేదు. అదే మెకానిక్‌కి ఫోన్ చేసి ఇంటికి రప్పించాను. కొలవమంటే మొహం ముడుచుకున్నాడు గానీ బ్యాగులోంచి మైక్రోమీటర్ తీశాడు. ఉంది మరి, మొదటిరోజు ఎందుకు తీయలేదో!

డిస్కు మీద కనీసం 20 అని ఉంది. కుడిది 21.1, ఎడమది 20.3. ఎడమ బయటి ప్యాడ్ 5 మి.మీ., లోపలిది 2. కింది పిన్ను బిగుసుకుపోయింది, గ్రీజు చేతులు గారు అక్కడ కూర్చుని చూసినట్టే చెప్పారు.

చివరికి రెండు డిస్కులూ, ప్యాడ్లూ, పిన్నులూ, తొడుగులూ మార్చాం. డిస్కుల విషయంలో ఆయన మాటే నెగ్గింది. కానీ ఆరోజు ఆయన చెప్పినట్టు చేయించి ఉంటే పిన్ను అలాగే ఉండేది, కొత్త డిస్కు కూడా అదే దారి పట్టేది. పని అయ్యాక స్టార్ట్ చేసి కదిలించబోతే ఆపాడు. "ముందు పెడల్ తొక్కండి సార్." పిస్టన్లు వెనక్కి నొక్కి ఉన్నాయి కదా, మొదటిసారి నేలకి పోయింది. నాలుగోసారికి గట్టిపడింది. చెప్పకపోతే ఎదురుగా ఉన్న గేటుని గుద్దేవాణ్నే.

అనుమానం పక్షి:
21.1 ఉన్న కుడి డిస్కు ఎందుకు మార్చారు? బంగారంలా ఉంది!

కొలత:
ఒకవైపు కొత్తది, ఇంకోవైపు పాతది ఉంటే పట్టు తేడా వచ్చి బ్రేక్ వేసినప్పుడు బండి పక్కకి లాగొచ్చు. అందుకే ముందు రెండూ జతగా, వెనక రెండూ జతగా. సెకండ్‌హ్యాండ్ గారూ, కొత్త ప్యాడ్లూ డిస్కులూ ఒకదానికొకటి సర్దుకోవాలి, మొదటి కొన్ని వందల కిలోమీటర్లు సడన్ బ్రేకులు వేయకండి. ఖాళీ రోడ్డు మీద వేగాన్ని గంటకి 60 కి.మీ. నుంచి 10కి పది సార్లు మెల్లగా తగ్గించండి. మధ్యలో చల్లారనివ్వండి, పూర్తిగా ఆపకండి.

సెకండ్‌హ్యాండ్ బండి:
అలాగే. పాత సామాను మొత్తం అడిగి తీసుకున్నాను, డిక్కీలో ఉంది. అనుమానం పక్షి గారు ఆ కుడి డిస్కు కావాలంటే తీసుకెళ్లొచ్చు.

అనుమానం పక్షి:
వస్తాను. ఎడమది కూడా ఉంచండి, ఆ 20.3 నేనే కొలుస్తాను.