ఏజెంటు లేకుండా స్థలం అమ్మేటప్పుడు అగ్రిమెంట్ రాసివ్వాలా, వద్దా?

కరకంబాడి రోడ్డు:
తిరుపతిలో 60 లక్షలకు స్థలం బేరం కుదిరింది అనుకోండి. లక్ష అడ్వాన్సు తీసుకుని అగ్రిమెంట్ రాసిస్తే అమ్మేవాడు చేతులు కట్టేసుకున్నట్టే. అగ్రిమెంటే వద్దు, రిజిస్ట్రేషన్ నాడే మొత్తం తీసుకోవాలంటాను. కాదనేవాళ్లు చెప్పండి.

దస్తావేజు:
నేను కాదంటాను. లోన్ మీద కొనేవాడిని బ్యాంకు అగ్రిమెంట్ అడుగుతుంది. వద్దంటే నిజంగా కొనేవాళ్లే సగం మంది వెనక్కి పోతారు. తప్పు అగ్రిమెంట్‌ది కాదు, అందులోని రాతది. "నా పేరనైనా, నేను చెప్పినవారి పేరనైనా రిజిస్టరు చేయించవలెను" అని ఒక ముక్క ఉంటుంది చూడండి, దాన్ని కొట్టేయించండి. అది ఉందంటే వచ్చినవాడు కొనడానికి రాలేదు. మీ కాగితం పట్టుకుని ఇంకొకరికి ఎక్కువకు అమ్ముకుంటాడు. బేరం తెగకపోతే దావా వేసి కూర్చుంటాడు. గడువు తేదీ నుంచి 3 ఏళ్ల దాకా వేయొచ్చు.

కొర్లగుంట:
రిజిస్టరు కాని అగ్రిమెంట్ చెల్లదు కదన్నా, భయమెందుకు?

దస్తావేజు:
అక్కడే చానా మంది బోల్తా పడేది. అమ్మి తీరాలని వేసే దావాలో అది కూడా సాక్ష్యంగా పనికొస్తుంది. రిజిస్టరు చేస్తే ఇంకో తంటా: ఈసీలో (స్థలం మీద లావాదేవీలు చూపే ధ్రువపత్రంలో) ఎక్కుతుంది, కొనేవాడు మాయమైతే రద్దుకు అతని సంతకం కావాలి. అందుకే అడ్వాన్సు కనీసం 10 శాతం, గడువు 60 నుంచి 90 రోజులు, "గడువే ఈ ఒప్పందానికి ముఖ్యం" అని స్పష్టమైన వాక్యం. స్వాధీనం మాత్రం ఇవ్వొద్దు. గడువు దాటాక ఇంకో పదివేలు పుచ్చుకున్నారా, ఆ వాక్యానికి మీరే నీళ్లొదిలినట్టు. తీసుకోకుండా లాయరు నోటీసు స్పీడ్ పోస్టులో పంపండి.

కరకంబాడి రోడ్డు:
సరే, ఆ షరతులతో అయితే ఒప్పుకుంటా. కానీ అసలు మోసం జరిగేది రిజిస్ట్రేషన్ నాడే. "మొత్తం ముట్టినది" అని దస్తావేజులో రాసి, చేతిలో చెక్కు పెడతారు. చెక్కు బౌన్సయితే కేసు వేయొచ్చు గానీ స్థలం పేరు మారిపోయింది, మీరొక్కరే వెళ్లి రద్దు చేయించలేరు.

అవిలాల:
అందుకే డీడీ (బ్యాంకు డిమాండ్ డ్రాఫ్టు). అదీ చేతికిచ్చారని నమ్మొద్దు, ఇచ్చిన బ్రాంచికి వెళ్లి నంబరు, మొత్తం సరిచూడండి. డీడీ మీద అచ్చయిన ఫోన్ నంబరుకు చేస్తే మోసగాడే ఎత్తొచ్చు. ఆర్‌టీజీఎస్ బ్యాంకు బదిలీ అయితే మెసేజ్ కాదు, మీ ఖాతాలో నిల్వ చూశాకే సంతకం, యూటీఆర్ నంబరు (ఆ బదిలీ నంబరు) దస్తావేజులో. నగదుగా 20,000, అంతకు మించి తీసుకోకూడదు. తీసుకుంటే జరిమానా పడేది మీకే.

కొర్లగుంట:
59,40,000 మాత్రమే వేసి, మిగతాది పన్ను అంటే?

అవిలాల:
50 లక్షలు, ఆపైన అయితే 1 శాతం టీడీఎస్ (మీ పేరున కట్టే పన్ను) కొనేవాడు పట్టుకోవాల్సిందే. అది 60,000, లెక్క సరే. కట్టిన చలానా అడగండి, మీ పాన్‌లో కనిపించేదాకా వదలొద్దు. 5 శాతం, 10 శాతం అన్నాడంటే ఎన్నారై కాని అమ్మకందారుకి అది అబద్ధం.

ఇంకొకటి, "మిలిటరీలో ఉన్నా, టోకెన్ పంపిస్తా, ఈ క్యూఆర్ స్కాన్ చేసి పిన్ కొట్టండి" అని ఫోనొస్తే పెట్టేయండి. డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు. డబ్బు పోతే వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. జిరాక్సుల మీద "పరిశీలనకు మాత్రమే" అని తేదీతో అడ్డంగా రాయండి, ఆధార్‌లో బయోమెట్రిక్ లాక్ చేసుకోండి. దస్తావేజులో మీ వేలిముద్రలు ఉంటాయి మరి, వాటిని ఎవడైనా కాపీ కొట్టొచ్చు.