పాత పయనీర్ రిసీవర్‌కి ఫోనో ఒక్కటే ఉంది, టర్న్‌టేబుళ్లు రెండు. వై కేబుల్ పెట్టొచ్చా?

గోదారిగట్టు
అందరికీ నమస్కారం. మా పెదనాన్నగారు ఎనభైల్లో కువైట్ నుంచి తెచ్చిన పయనీర్ ఎస్‌ఎక్స్-780 ఇప్పుడు మా ఇంటికొచ్చింది. వెనకాల ఫోనో (టర్న్‌టేబుల్ తగిలించే ఇన్‌పుట్) ఒక్కటే, ఏయుఎక్స్ (వేరే ప్లేయర్లకి మామూలు ఇన్‌పుట్) ఒకటి, టేప్ రెండు. నా దగ్గర ఎల్‌పీల కోసం ఆడియో-టెక్నికా ఎల్‌పీ120ఎక్స్ ఉంది. నాన్నగారి గారార్డ్ చేంజర్ (రికార్డులు పేరిస్తే ఒకదాని తర్వాత ఒకటి వేసుకునే టర్న్‌టేబుల్) కూడా ఉంది. దానికి సిరామిక్ కార్ట్రిడ్జ్ (ముల్లు కదలికని కరెంటు సిగ్నల్‌గా మార్చే ముక్క). నాటకాల పద్యాల 78 రికార్డులన్నీ (నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత లక్క ప్లేట్లు) ఆయన దానిమీదే వినేవారు. రెండూ ఎప్పుడూ తగిలించే ఉండాలి. మాటిమాటికీ వెనక్కి వంగి పిన్నులు పీకడం నా నడుముకి కుదరదు. వై కేబుల్‌తో రెండూ కలిపి ఫోనోలో పెట్టేస్తే పోదా? ఒకటి తిరిగేటప్పుడు రెండోది ఆపే ఉంటుంది కదా.

మైకుసెట్టు_బాబాయ్
పెట్టేయ్ నాయనా, ఏం కాదు. నేను పెళ్ళిళ్ళకీ జాతర్లకీ మైకుసెట్టు తిప్పినవాణ్ణి. అహూజా ఆంప్లిఫయర్‌కి రెండు ప్లేయర్లు ఒకే పిన్నులో కలిపి తెల్లవార్లూ వాయించాం. ఆంప్లిఫయర్ కాలలేదు, హారన్ కాలలేదు. ఊరంతా వింది.

వోల్టుమీటర్
బాబాయ్ గారూ, కాలుతుందని ఎవరన్నారు? గోదారిగట్టు గారూ, వై కేబుల్ జోలికి వెళ్ళకండి. రెండూ ఒకే రకం ఎమ్‌ఎమ్ (మూవింగ్ మాగ్నెట్, మీ ఎల్‌పీ120ది ఆ రకమే) కార్ట్రిడ్జ్‌లైనా, ఆగి ఉన్నదాని కాయిల్ తిరిగేదాని మీద లోడు అయి కూర్చుంటుంది. సిగ్నల్ సగానికి పడిపోతుంది, కేబుల్ కెపాసిటెన్స్ రెట్టింపవుతుంది. మీ కేసు ఇంకా అన్యాయం. ఎమ్‌ఎమ్ ఇచ్చేది 4 మిల్లీవోల్టుల చిల్లర, సిరామిక్ ఇచ్చేది వందల మిల్లీవోల్టులు. రెండోది ఫోనోలోకి వెళితే పగిలిన సౌండు తప్ప ఏం రాదు.

ఫోనో ఇన్‌పుట్ కట్టిందే ఎమ్‌ఎమ్ కోసం. 47 కిలో ఓముల లోడు, దానిమీద ఆర్‌ఐఏఏ ఈక్వలైజేషన్. అంటే 20 హెర్ట్జ్ దగ్గర బేస్‌ని దాదాపు 20 డెసిబెల్స్ లేపుతుంది, 20 కిలోహెర్ట్జ్ దగ్గర ట్రెబుల్‌ని దాదాపు అంతే దించుతుంది. సిరామిక్‌కి ఆ సేవ అక్కర్లేదు. ముల్లు ఎంత వేగంగా కదిలిందన్నది కాదు, ఎంత దూరం కదిలిందో దాన్నిబట్టి వోల్టేజీ ఇస్తుంది కాబట్టి బేస్ దానంతట అదే వస్తుంది. ఎల్‌పీది ఫోనోలో పెట్టండి, చేంజర్ ఏయుఎక్స్‌లో పెట్టండి. ముందున్న సెలెక్టర్ నాబే మీ స్విచ్. ఎల్‌పీ120 వెనక ఉన్న స్విచ్ మాత్రం ఫోనో వైపే ఉండాలి, లైన్ వైపు ఉంటే దాని లోపలి ప్రీఆంప్ (సిగ్నల్ పెంచే సర్క్యూట్) కూడా తోడై మోత మోగిపోతుంది.

సిరిసిల్ల_స్టీరియో
గోల్డ్ ప్లేటెడ్ కేబుల్స్ తీసుకోండి బ్రో.

గోదారిగట్టు
ఏయుఎక్స్‌లో ముందే పెట్టి చూశానండీ. గొంతు రేకుడబ్బాలోంచి వచ్చినట్టుంది. హార్మోనియం కింది స్థాయి అసలు వినపడదు. అందుకే ఫోనో అనుకున్నాను.

వోల్టుమీటర్
అలాగే వస్తుంది. సిరామిక్ కార్ట్రిడ్జ్ లోపల ఉన్నది ఒకరకంగా కెపాసిటరే. మీది 600 పికోఫారడ్లు, ఏయుఎక్స్ 50 కిలో ఓములు అనుకుందాం. లెక్క వేస్తే 5 కిలోహెర్ట్జ్ నుంచే కిందికి సౌండు జారడం మొదలు. పద్యమంతా ఉండేదే ఆ కింద. అదే 1 మెగా ఓము ఎదురుగా ఉంటే సుమారు 265 హెర్ట్జ్ దాకా నిలబడుతుంది, 2 మెగా అయితే 130 దాకా. వరసలో పెద్ద రెసిస్టర్ పెట్టొచ్చుగానీ సిగ్నల్ అందులోనే హరించుకుపోతుంది. చిన్న ఎఫ్‌ఈటీ (ఒకరకం ట్రాన్సిస్టర్) బఫర్ కట్టించుకోండి, కార్ట్రిడ్జ్‌కి ఆ మెగా ఓముల లోడు అదే చూపిస్తుంది. ఛానల్‌కి ఒక ట్రాన్సిస్టర్, నాలుగు రెసిస్టర్లు, 9 వోల్టుల బ్యాటరీ, ఒక రేకు పెట్టె. కోఠీ గుజరాతీ గల్లీలో అన్నీ దొరుకుతాయి.

పాతబస్తీ_పోరడు
గుజరాతీ గల్లీల ఎఫ్‌ఈటీ అడిగితే ముందుగాల మొబైల్ చార్జర్ చూపిస్తరన్నా. జర తిరగాలె. ఎర్రగడ్డ ఆదివారం సంతల పాత ప్లేయర్లు గూడ కనవడ్తయి, ముల్లు మాత్రం ఉండది.

మైకుసెట్టు_బాబాయ్
బఫర్లూ గిఫర్లూ లేకుండానే మేము వాయించాం అంటుంటే వినరేం?

వోల్టుమీటర్
మీవి రెండూ క్రిస్టల్ పికప్‌లు బాబాయ్ గారూ. ఒకే జాతి, సిగ్నల్ ఎక్కువ. మీరు వాయించింది హారన్‌లో. దాంట్లో బేస్ ఎలాగూ పలకదు. పోయినా తెలిసేది కాదు.

మైకుసెట్టు_బాబాయ్
తెలిసేది కాదంటే? మావి చెవులు కావా? సన్నాయి రికార్డు వేస్తే ఏ ఊరి సన్నాయో చెప్పేవాళ్ళు మా కుర్రాళ్ళు.

జెర్సీ_చలిలో
టాపిక్ కాదుగానీ చెప్పాలి. అమెరికా చేంజర్ ఇండియా తీసుకెళ్దామనుకునేవాళ్ళు జాగ్రత్త. మా అన్నయ్యకి పంపితే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టాడు, 230ని 110 చేశాడు, బాగానే తిరిగింది. కానీ మోటారు 60 హెర్ట్జ్‌ది, ఇంట్లో కరెంటు 50. 33 తిరగాల్సింది 28 దగ్గర తిరుగుతోంది. ఆడగొంతు మగగొంతైపోయింది. ఏ ట్రాన్స్‌ఫార్మరూ హెర్ట్జ్ మార్చదు.

లక్కపలక
ఇంతసేపూ పిన్నుల గురించే మాట్లాడుతున్నారు. ఎల్‌పీ120ఎక్స్‌కి 78 స్పీడు ఉంది. దాని వీఎమ్95 కార్ట్రిడ్జ్‌కి 78 కోసం వేరే ముల్లు అమ్ముతున్నారు, లాగి తగిలించుకోవడమే. అప్పుడు రెండో టర్న్‌టేబుల్ ఎందుకు? చేంజర్‌ని తుడిచి షోకేసులో పెట్టండి.

గోదారిగట్టు
ఆ ముల్లు సంగతి తెలుసండీ. కానీ ముల్లు మార్చినప్పుడల్లా అది రికార్డు మీద మోపే బరువు మళ్ళీ సరిచూసుకోవాలి. నిజం చెప్పాలంటే అదీ కారణం కాదు. నాన్నగారి మిషను తిరగాలి.

లక్కపలక
తిరగనివ్వండి, రికార్డు లేకుండా. ఆ చేంజర్ ముల్లు ఎప్పుడు మార్చారు? అది సఫైర్ అయితే త్వరగా అరుగుతుంది. అరిగిన ముల్లు రికార్డు మీద ఉలిపనే చేస్తుంది. ఇంకోటి. అది తిప్పుకునే ముల్లే కదా, ఒకవైపు 78, ఒకవైపు ఎల్‌పీ? 78 గాడికి 3 మిల్ ముల్లు కావాలి (మిల్ అంటే అంగుళంలో వెయ్యో వంతు), ఎల్‌పీ వైపుది 0.7 మిల్. పొరపాటున అటు తిరిగి ఉంటే గాడి అడుగున గీసుకుంటూ పోతుంది. పాత నాటకాల ప్లేట్లు అంటున్నారు. కొన్నింటికి రెండో కాపీ ఎక్కడా ఉండకపోవచ్చు.

వోల్టుమీటర్
లక్కపలక గారూ, ఆ ప్లేట్లు పుట్టిందే గ్రామఫోన్ కోసం. 100 గ్రాములు దాటిన సౌండ్‌బాక్సు, కింద స్టీలు ముల్లు, దాన్ని మోసిన లక్క. ఈ చేంజర్ ముల్లు మోపే బరువు ఆరేడు గ్రాములు. ఎల్‌పీలకి అది బరువే, ఒప్పుకుంటాను. 78కి ఏమవుతుంది?

లక్కపలక
స్టీలు ముల్లు ఒక్కో పక్కకి ఒకటి చొప్పున మార్చి పారేసేవాళ్ళు. డబ్బాలకొద్దీ ముళ్ళు అమ్మింది అందుకే. మీరు చెప్పే సఫైర్ ముల్లుని ఇళ్ళలో ఏళ్ళ తరబడి మార్చరు. గ్రాములొక్కటే చూస్తే ఎలా?

వోల్టుమీటర్
సరే, ముల్లు మారుస్తారు. అప్పుడు వాయించుకోవచ్చా?

లక్కపలక
అవసరమైతేనే.

వోల్టుమీటర్
ఇదిగో, బయటపడింది. మీ భయం ముల్లు గురించి కాదు, ఎవరో వింటారని. కలెక్టర్లందరిదీ ఇదే వరస.

లక్కపలక
మాట జాగ్రత్త. మా నాన్న పోగుచేసిన హరికథల ప్లేట్లు ఒకాయన డిజిటైజ్ చేస్తానని పట్టుకెళ్ళాడు. తిరిగొచ్చినప్పుడు లైటు కింద పెడితే గాడులు తెల్లగా పాలిపోయి ఉన్నాయి. ఒక ప్లేటు అంచు విరిగింది. ఆ కథలు ఇప్పుడు ఇంటర్నెట్‌లో ఉన్నాయి, గుయ్‌మని మోతతో, మధ్యమధ్యలో ఆయన ఛానల్ పేరుతో. వినాలనుకుంటే వెళ్ళి వినండి, ఎంత బాగుంటుందో.

మైకుసెట్టు_బాబాయ్
ప్లేట్లు అరిగితే మేము కొత్తవి కొనేవాళ్ళం. ఇంత గొడవేమిటయ్యా.

పాతబస్తీ_పోరడు
ఇప్పుడు కలకత్తా డమ్‌డమ్ ఫ్యాక్టరీల లక్క ప్లేట్లు ఎవడు నొక్కుతుండు బాబాయ్, కొననీకి?

వోల్టుమీటర్
లక్కపలక గారూ, మీకు జరిగింది అన్యాయమే. నాది కూడా వినండి. మా తాతయ్య నాటకాల్లో పద్యాలు పాడేవారు. ఒకే ఒక్క 78 రికార్డులో పాడారు. మా ఇంట్లో కాపీ లేదు, మా అమ్మ చిన్నప్పుడే పగిలిపోయింది. ఒక కలెక్టర్ దగ్గర ఉందని తెలిసి అమ్మని తీసుకుని వెళ్ళాను. కవర్‌లోంచి తీసి లేబుల్ చూపించాడు. తాతయ్య పేరు ఉంది. ఒక్కసారి వేయమంటే, ముల్లు పెట్టినప్పుడల్లా కొంత పోతుందమ్మా అని మళ్ళీ కవర్‌లో పెట్టేశాడు. అమ్మ ఆ గొంతు వినకుండానే పోయింది. అది ఎవరికోసం దాస్తున్నాడో నాకిప్పటికీ అర్థం కాదు.

లక్కపలక
ఆ మనిషిని నేను కాదు.

వోల్టుమీటర్
కాదని తెలుసు. మీరిప్పుడన్న మాటే ఆయనా అన్నాడు.

వేదిక_నిర్వాహకులు
ఇద్దరూ పెద్దవాళ్ళు. వ్యక్తిగత దూషణ రాకముందే చెబుతున్నాను. అడిగినాయనకి జవాబు చెప్పండి.

కాజా_కాకినాడ
ఒక చిన్న సంగతి. ఆ రిసీవర్ వెనక టేప్ పక్కన ‘రెక్’ అని ఇంకో జత పిన్నులుంటాయి. సెలెక్టర్ మీద ఏది పెడితే ఆ సిగ్నల్ అక్కడికి వస్తుంది, వాల్యూముతోనూ టోన్ నాబులతోనూ సంబంధం లేదు. దాన్ని కంప్యూటర్‌కి ఇచ్చి రికార్డ్ చేసుకుంటే ప్లేటు వేసిన ప్రతిసారీ దాచినట్టే కదా. 78కి మోనో బటన్ నొక్కండి, ముల్లు పైకీకిందికీ ఊగే గరగర చాలావరకు పోతుంది.

గోదారిగట్టు
మంచి మాట చెప్పారు. నేను అనుకున్నది ఇదీ: ఎల్‌పీలది ఫోనోలో, చేంజర్ బఫర్ మీదుగా ఏయుఎక్స్‌లో, టేప్ రెక్ నుంచి ల్యాప్‌టాప్‌కి వైరు. చేంజర్‌కి రెండు పిన్నులే ఉన్నాయి, ఎర్త్ వైరు లేదు. వేయాలా?

వోల్టుమీటర్
వేయండి. చేంజర్ లోహపు ఛాసిస్ నుంచి విడిగా ఒక వైరు తీసి రిసీవర్ జీఎన్‌డీ (ఎర్త్) మరకి బిగించండి, ఎల్‌పీ120ది కూడా అక్కడే. గుయ్‌మనడం ఇంకా తగ్గకపోతే బఫర్ పెట్టె రేకుని కూడా దానికే కలపండి. ప్లేట్లు పేర్చి ఒకదానిమీద ఒకటి పడేలా మాత్రం వేయకండి, ఒక్కొక్కటీ చేత్తో పెట్టండి. ఇది లక్కపలక గారి కోసం కాదు, లక్క పెళుసు కాబట్టి.

లక్కపలక
కార్ట్రిడ్జ్ ఫొటో పక్కనుంచి తీసి పెట్టండి. సోనోటోన్ 9టీఏ అయితే కొత్త ముల్లు ఇంకా దొరుకుతుంది, డైమండే తీసుకోండి. ముల్లు వచ్చేదాకా ఒక్క ప్లేటూ వేయొద్దు. వచ్చాక ఒక్కొక్కటీ ఒక్కసారి వేసి రికార్డ్ చేసుకోండి. తర్వాత ల్యాప్‌టాప్‌లో వినండి.

వోల్టుమీటర్
ఒక్కసారే ఎందుకు?

లక్కపలక
ఒక్కసారి చాలు కాబట్టి.

గోదారిగట్టు
ఫొటో రేపు పగలు పెడతాను. ఒక్కసారా, రోజూనా అనేది మా ఆవిడ తేలుస్తుంది.