యుద్ధం లేని రోల్ ప్లేయింగ్ గేమ్: ఆ ఖాళీలో ఏమి పెట్టాలి?

ప్రశ్న:

అందరికీ నమస్కారం. కరువు సంవత్సరంలో చెరువు నీళ్లను ఆయకట్టుకు పంచే నీరటి కథతో చిన్న రోల్ ప్లేయింగ్ గేమ్ (ఆటగాడు ఒక పాత్రగా మారి ఆడే కంప్యూటర్ ఆట) చేస్తున్నాను. కత్తులు, రాక్షసులు లేవు. తూము, కాలువలు, రైతులు, వాళ్ల పాత పగలు మాత్రమే ఉన్నాయి. సంభాషణలు చాలానే రాశాను. ఆడి చూసిన మిత్రులు మాత్రం ‘చదవడానికి బాగుంది, ఆడుతున్నట్టు లేదు’ అంటున్నారు. ‘ఒప్పించడం’ అనే నైపుణ్యం పెట్టి పాచికలు వేయిస్తున్నాను. పాచిక తిరగబడితే వెనకటి సేవ్‌కు, అంటే ఆటను అంతకుముందు భద్రపరిచిన చోటుకు, పోయి మళ్లీ వేస్తున్నారు. ఎక్కడ సరిచేయాలి?

మొదటి జవాబు:

లోపం సంభాషణల్లో ఉందని నాకు అనిపించడం లేదు. మామూలు గేముల్లో యుద్ధం ఏ పని చేస్తుందో ఒకసారి చూడండి. ప్రాణం తరుగుతుంది, మందులు అయిపోతాయి, ముందుకు పోవాలా వెనక్కి తగ్గాలా అని ప్రతి అడుగులో తేల్చుకోవాల్సి వస్తుంది. కత్తిని తీసేయడంతో ఆ తరుగుదల కూడా పోయింది. మీ ఆటలో ‘ఒప్పించు’ అని నొక్కడానికి ఖర్చేమీ లేదు. నొక్కకుండా ఉండటానికి కారణమూ లేదు. ఇక ఆటగాడు ఆలోచించేది దేని గురించి?

మీ నీరటికి తరిగేవి మూడు ఉన్నాయి: చెరువులో నీళ్లు, చేతిలో పొద్దు, ఊళ్లో అతని మాటకున్న విలువ. వీటినే ఆటకు ప్రాణంగా పెట్టండి. ఎగువ మడులకు ఒక పూట ఎక్కువ వదిలితే కాలువ చివరి రైతుకు వంతు తప్పాలి. ఆ రైతు అది మరిచిపోకూడదు. 2022లో అబ్సిడియన్ అనే స్టూడియో విడుదల చేసిన పెంటిమెంట్ అనే గేమ్‌ను చూడండి. 16వ శతాబ్దపు బవేరియాలో హత్య విచారణ కథ. గడువులోపల అన్ని ఆధారాలనూ వెతకడానికి సమయం చాలదు. ఒక దారి పట్టుకుంటే మరొకటి వదులుకోవాల్సిందే. అక్కడ ఎవరినైనా ఒప్పించాలంటే పాచికలు వేయరు. ఆ మనిషితో అంతకుముందు ఏమి అన్నాం, ఏమి చేశాం అన్నవే కూడి, తీసి ఫలితం తేలుస్తాయి. పంచాయితీ నడిచే ఊరికి ఈ పద్ధతి అచ్చంగా సరిపోతుంది.

పాచికలు వదలలేకపోతే వాటిని ముందే వేయించండి. సిటిజన్ స్లీపర్ అనే గేమ్‌లో రోజు మొదట్లోనే పాచికలు పడతాయి, ఎక్కువలో ఎక్కువ ఐదు. 6 పడిన పాచికను ఏ పనికి వాడాలి, 1 పడినదాన్ని ఎక్కడ వదిలించుకోవాలి అన్నది ఆటగాడి ఇష్టం. ఒంటి పరిస్థితి దిగజారేకొద్దీ దక్కే పాచికలు తగ్గిపోతాయి. అదృష్టం ఉంటుంది, కానీ నిర్ణయానికి ముందే వచ్చి కూర్చుంటుంది. సేవ్‌కు పోయి మళ్లీ వేసే అలవాటుకు ఇది సగం మందు. మిగతా సగానికి, ఆట తనంతట తానే ఒకే చోట సేవ్ చేసుకునేలా పెట్టండి.

రెండో జవాబు:

ఆ చివరి మాటతో నేను ఏకీభవించను. సేవ్‌కు తాళం వేయడం ఆటగాణ్ని అనుమానించడమే. అసలు ఓటమి ఎందుకంత చేదుగా ఉందో చూడండి. ‘రైతు ఒప్పుకోలేదు’ అని చెప్పి తలుపు మూసేస్తే ఎవరైనా వెనక్కే పోతారు. రైతు ఒప్పుకోకపోగా రాత్రికి రాత్రే తూము తెరిచాడు, తెల్లవారేసరికి కింది మడులవాళ్లు మీ గుమ్మం ముందున్నారు అనుకోండి, ఆ సన్నివేశం చూడాలని ఎవరికైనా ఉంటుంది.

డిస్కో ఎలిసియం (2019) అనే గేమ్ చాలాచోట్ల చేసింది ఇదే. ఓడిన పాచికకే కొన్నిసార్లు మంచి సన్నివేశం దక్కుతుంది. అందులో పాచికలు వేసి తేల్చే పరీక్షలు తెల్లవి, ఎర్రవి అని రెండు రకాలున్నాయి. తెల్లవి ఓడితే మూసుకుపోతాయి, ఆ నైపుణ్యం పెంచుకుంటే మళ్లీ తెరుచుకుంటాయి. ఎర్రవి ఒక్కసారే. ఏది ఎర్రదో ముందే కనిపిస్తుంది కనుక మోసపోయామన్న భావన రాదు.

అంకెల గురించి ఒక మాట. రెండు పాచికల మొత్తం 8 లేదా అంతకన్నా ఎక్కువ రావడానికి అవకాశం 42 శాతం, 7 లేదా అంతకన్నా ఎక్కువ అయితే 58 శాతం. అంటే నడుమ ఒక్క పాయింటు నైపుణ్యానికి దాదాపు 16 శాతం విలువ. కావలసిన మొత్తం 11 నుంచి 10కి దిగితే పెరిగేది 8 శాతమే. కష్టం అంకె వేసేటప్పుడు ఇది లెక్కలోకి తీసుకోండి.

ప్రశ్న అడిగినవారు:

ఇద్దరికీ ధన్యవాదాలు. పొద్దును ఖర్చుగా పెట్టడం వెంటనే మొదలుపెడతాను. ‘ఒప్పించడం’ ఒక్కటే నైపుణ్యంగా ఉంటే చాలదా?

మొదటి జవాబు ఇచ్చినవారు:

చాలదు. ఒక్కటే ఉంటే అందరూ దాన్నే పెంచుతారు, అందరి ఆటా ఒకేలా ఉంటుంది. డిస్కో ఎలిసియంలో 24 నైపుణ్యాలున్నాయి. ఆ సంఖ్యను అనుకరించకండి, అంత రాత ఒక్కరివల్ల కాదు. నీరటికి నాలుగు చాలు: నీటి లెక్క, ఊరి జ్ఞాపకం, దబాయింపు, ఓపిక. ఒకే రైతు దగ్గర నాలుగూ నాలుగు రకాలుగా పనిచేయాలి. లెక్క తెలిసినవాడికి రైతు చెప్పిన ఎకరాల్లో తేడా కనిపించాలి. జ్ఞాపకం ఉన్నవాడికి ఇద్దరు అన్నదమ్ములు ఎప్పటినుంచి మాట్లాడుకోవడం లేదో గుర్తుకు రావాలి. ఇవి ఆటగాడు ఏదీ నొక్కకుండానే వాటంతటవే పలకాలి. దబాయింపుతో పని జరగాలి, కానీ మాట విలువ తరగాలి.

మరి సేవ్ సంగతి అంటారా, రెండో జవాబు ఇచ్చినవారి వాదనలో బలముంది. ముందు ఓటమి సన్నివేశాలు రాసి చూడండి, తాళం సంగతి తరువాత.

మూడో జవాబు:

ఒక సాంకేతిక విషయం. సంభాషణలకు ఇంక్ అనే కథలు రాసే సాధనం వాడండి. ఉచితం, ఆటగాడు ఏ భాగానికి ఎన్నిసార్లు వచ్చాడో అదే లెక్క పెట్టుకుంటుంది. ‘ఈ మాట రెండోసారి అడుగుతున్నావు’ అని రైతుచేత అనిపించడం తేలిక. ఇక తెలుగులో చేస్తుంటే ఇంజిన్ (ఆటను తయారుచేసి నడిపే సాఫ్ట్‌వేర్) ఎంచుకునేటప్పుడే జాగ్రత్తపడండి. ఆటంతా అక్షరాలమీదే నడుస్తుంది కదా! గోడో అనే ఇంజిన్ 3వ వెర్షన్‌లో ఒత్తులు విడిపోయేవి. 2023లో వచ్చిన గోడో 4 నుంచి భారతీయ లిపులు సరిగా కూడుతున్నాయి. మరే ఇంజిన్ తీసుకున్నా, ఒక్క సన్నివేశమైనా రాయకముందే ‘స్త్రీ’, ‘రాష్ట్రం’, ‘ఈర్ష్య’ అనే మూడు మాటలు తెరమీద వేసి చూడండి.