అప్‌డేట్: చిగుళ్ల జబ్బు, పెద్దపేగు క్యాన్సర్

నాన్నగారి చిగుళ్ల నుంచి ఏళ్లుగా రక్తం కారుతోందనీ, నోటి బ్యాక్టీరియా వల్ల పెద్దపేగు క్యాన్సర్ వస్తుందని ఎవరో చెప్పగా భయపడుతున్నామనీ ఇదివరకు రాశాను. సమాధానమిచ్చిన వారందరికీ కృతజ్ఞతలు. ఆ తర్వాత చదివినదీ, వైద్యులు చెప్పినదీ ఇక్కడ రాస్తున్నాను.

చర్చంతా ఫ్యూసోబ్యాక్టీరియం న్యూక్లియేటమ్ అనే నోటి బ్యాక్టీరియా గురించే. ఆరోగ్యవంతుల దంతాల పాచిలోనూ ఉండే ఈ సూక్ష్మజీవి, పెద్దపేగు కణితుల్లో పక్కనున్న మామూలు కణజాలంలో కంటే ఎక్కువగా కనిపిస్తోందని 2012లో కెనడా, అమెరికా బృందాలు వేర్వేరుగా ప్రకటించాయి. దాని ఉపరితలం మీది ఫ్యాప్2 అనే ప్రోటీన్ క్యాన్సర్ కణాల మీద అధికంగా ఉండే ఒక చక్కెరను పట్టుకుంటుంది. ఫ్యాడ్ఎ అనే మరో ప్రోటీన్ కణాల పెరుగుదలను ప్రేరేపిస్తుంది. నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచినది 2024లో సియాటిల్ పరిశోధకులు చూపినది: ఇందులోని ఒక ఉపజాతిలో రెండు శాఖలుండగా, కణితుల్లో ప్రబలంగా కనిపించేది వాటిలో ఒకటే, అదీ పరీక్షించిన కణితుల్లో దాదాపు సగంలోనే. అంటే చిగుళ్ల జబ్బు ఉన్నంత మాత్రాన క్యాన్సర్ వస్తుందని చెప్పలేము. కణితి మొదలవడానికి ఈ జీవే కారణమా, లేక ఏర్పడిన కణితిలో చేరి దాన్ని పెంచుతోందా అన్నది ఇంకా తేలలేదు.

ఈ బ్యాక్టీరియాను చంపే మెట్రోనిడజోల్ అనే యాంటీబయాటిక్ ఎలుకల్లో కణితి పెరుగుదలను తగ్గించిందని 2017లో వచ్చిన ఫలితాన్ని చూసి మా బాబాయి మాత్రలు కొనబోయారు (ఆయన ఉత్సాహం అలాంటిది). వైద్యులు గట్టిగా వారించారు. నాన్నగారికి చిగుళ్ల చికిత్స మొదలైంది. కొలొనోస్కోపీ (పెద్దపేగు లోపలి భాగాన్ని కెమెరా గొట్టంతో చూసే పరీక్ష) మాత్రం చిగుళ్లను బట్టి కాక, వయసునూ కుటుంబ చరిత్రనూ బట్టి వచ్చే నెల చేయిస్తున్నాము.