ఒమేగా స్పీడ్‌మాస్టర్ 3570.50 వాచీ సెకండ్ హ్యాండ్‌లో తీసుకుంటున్నా, డబ్బు ఇచ్చే ముందు ఏం చూడాలి?

మూడోముల్లు:
ఏళ్ల తరబడి అనుకుంటున్న ఒమేగా స్పీడ్‌మాస్టర్ ప్రొఫెషనల్‌కి ఇన్నాళ్లకు డబ్బు కుదిరింది. హైదరాబాద్‌లో ఒకరి దగ్గర 3570.50 ఉంది. హెసలైట్ (ప్లాస్టిక్) అద్దం, లోపల 1861 మూవ్‌మెంట్ (వాచీని నడిపే యంత్రం). డబ్బా, కార్డులు ఉన్నాయి గానీ సర్వీసు చేయించిన రశీదు లేదు. "పాలిష్ పట్టించాం, కొత్తదానిలా ఉంది" అంటున్నారు. టైమ్‌గ్రాఫర్ (వాచీ నడకను కొలిచే యంత్రం) ఫోటో పంపారు: రోజుకు +4 సెకన్లు, యాంప్లిట్యూడ్ (బ్యాలెన్స్ చక్రం ఊగే కోణం) 235 డిగ్రీలు, బీట్ ఎర్రర్ (టిక్, టాక్‌ల మధ్య తేడా) 0.9, లిఫ్ట్ యాంగిల్ (మూవ్‌మెంట్‌ని బట్టి టైమ్‌గ్రాఫర్‌లో పెట్టే కోణం) 52. తీసుకోవచ్చా? లేక ఇంకొంత వేసుకుని 3861 మూవ్‌మెంట్ ఉన్న కొత్త స్పీడ్‌మాస్టర్ కొనడం మేలా?

కీఇచ్చేవాడు:
ఆ +4 చూసి మురిసిపోకండి. ఫోటోలో అసలు సంగతి చెప్పేది యాంప్లిట్యూడ్. 1861కి లిఫ్ట్ యాంగిల్ 50 పెట్టాలి, వాళ్లు 52 పెట్టారు. దాన్ని పెంచితే యాంప్లిట్యూడ్ కూడా ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. 235ని 50తో గుణించి 52తో భాగిస్తే దాదాపు 226 వస్తుంది. ఈ మూవ్‌మెంట్ బాగుంటే నిండా కీ ఇచ్చి, డయల్ పైకి పెట్టినప్పుడు 270 దాటాలి. 226 అంటే నూనెలు ఎండిపోయి ఉండొచ్చు, లేదా సగం కీలో తీసిన ఫోటో అయ్యుండొచ్చు.

అందుకని మీ ఎదురుగానే మళ్లీ కొలిపించండి. కీ ఆగేదాకా ఇవ్వాలి. బిగుసుకున్నాక బలవంతం వద్దు. ఓ పావుగంట ఆగి డయల్ పైకి, డయల్ కిందికి, కిరీటం (కీ ఇచ్చే గుండీ) కిందికి, మూడు భంగిమల్లో చూడండి. తర్వాత క్రోనోగ్రాఫ్ (వాచీలోని స్టాప్‌వాచ్) నడిపిస్తూ ఇంకోసారి. అప్పుడు యాంప్లిట్యూడ్ కొంత తగ్గడం మామూలే. ఒక్కసారిగా పడిపోతే మాత్రం సర్వీసు అడుగుతోందని లెక్క. రోజుకు నిమిషాల కొద్దీ ముందుకు పరిగెడుతుంటే అయస్కాంతం పట్టిందేమో చూడాలి, డీమాగ్నెటైజర్‌తో క్షణంలో పోతుంది. పూర్తి సర్వీసు ఖర్చు ముందే కనుక్కుని అంత ధర తగ్గించమని అడగండి. క్రోనోగ్రాఫ్ సర్వీసు మామూలు మూడు ముళ్ల వాచీ సర్వీసు కంటే బాగా ఎక్కువ.

విశాఖతీరం:
నన్నడిగితే యాంప్లిట్యూడ్ కంటే భయపెట్టేది ఆ "పాలిష్" మాట. నూనె మార్చవచ్చు, అరిగిన ఉక్కు తిరిగి రాదు. స్పీడ్‌మాస్టర్ అందమంతా మెలితిరిగిన లగ్గుల్లోనే (పట్టీ తగిలించే కొమ్ముల్లోనే) ఉంది. కేసు (వాచీ ఉక్కు ఒళ్లు) పక్కభాగం గీతల ఫినిష్, దాని మీద నిగనిగలాడే సన్నటి చార, రెండూ కలిసే అంచు కత్తిలా ఉండాలి. వాచీని కిటికీ వెలుతురులో నెమ్మదిగా తిప్పండి. ఆ అంచు గుండ్రబడినా, నాలుగు లగ్గులు ఒకే మందంలో లేకపోయినా వదిలేయండి. లగ్గు మీద చెక్కిన నంబరు మసకబారిందేమో చూడండి, కార్డులోని నంబరుతోనూ, వెనక మూత తీయించి మూవ్‌మెంట్ మీది నంబరుతోనూ పోల్చండి.

మూత తీసినప్పుడు లోపల తెల్లటి ప్లాస్టిక్ ముక్క కనిపిస్తే నకిలీ అని కంగారుపడొద్దు. 1861లో క్రోనోగ్రాఫ్ బ్రేకు డెల్రిన్ అనే ప్లాస్టిక్‌తో చేసిందే.

హెసలైట్ నడిమధ్యలో చీమతలంత ఒమేగా గుర్తు ఉంటుంది, 10 రెట్ల భూతద్దంతో వెతకాలి. అద్దం మీది సన్నగీతల్ని పట్టించుకోకండి. పాలీవాచ్ పేస్టు మెత్తటి గుడ్డకు రాసి నాలుగైదు నిమిషాలు రుద్దితే పోతాయి. పగులు ఉంటే మాత్రం అద్దం మార్చాల్సిందే.

పుషర్లు (క్రోనోగ్రాఫ్ నడిపే పక్క బొత్తాలు): పైది నొక్కితే క్రోనోగ్రాఫ్ ముల్లు ఎగరకుండా బయల్దేరాలి. కిందిది నొక్కి సున్నాకు తెస్తే సరిగ్గా 12 దగ్గర నిలవాలి. అర సెకను పక్కకు నిలిచినా అడగండి. ఆగిన క్రోనోగ్రాఫ్‌లో 6 దగ్గరి గంటల ముల్లు తనంతట తాను పాకుతోందా అన్నది కొన్ని గంటలు వదిలేసి చూడాలి. ఈ మూవ్‌మెంట్ల కుటుంబానికి ఉన్న పాత జబ్బు అది.

మూడోముల్లు:
ఇద్దరికీ ధన్యవాదాలండీ. మరి 3861 సంగతి?

కీఇచ్చేవాడు:
3861తో 2021లో వచ్చిన 310.30.42.50.01.001 మోడల్ వాడుకకు మెరుగైన వాచీ, అందులో సందేహం లేదు. కో-యాక్సియల్ ఎస్కేప్‌మెంట్ (చక్రాల నడకను అదుపు చేసే భాగంలో ఒక రకం), 15,000 గాస్ (అయస్కాంత బలానికి కొలత) దాకా అయస్కాంతానికి లొంగదు, 50 గంటలు నడుస్తుంది. కిరీటం లాగితే సెకన్ల ముల్లు ఆగుతుంది, 1861లో ఆగదు. బెజెల్ (అద్దం చుట్టూ అంకెలున్న వలయం) మీద చుక్క 90 పక్కన కాకుండా పైన ఉంటుంది, 1960ల నాటి వాచీల్లాగా. దానికి 5 ఏళ్ల వారంటీ కూడా.

ఇక 1861 అంటే 1968లో వచ్చిన 861 మూవ్‌మెంట్‌కి వారసుడు, మూలం లెమానియా కంపెనీ 1873 నంబరు మూవ్‌మెంట్. దీన్ని విప్పి బిగించడం తెలిసిన చేతులు ఎక్కువ. చంద్రుడి మీదకి వెళ్లింది ఇదేనని అమ్మేవారు చెబితే నమ్మకండి. 1969లో చంద్రుడి మీద ఆల్డ్రిన్ చేతికున్న వాచీలో 321 అనే పాత మూవ్‌మెంట్ ఉంది. మీరు చూస్తున్న ఆ వాచీ లగ్గులు పదునుగా లేకపోతే నేను 3861 వైపే మొగ్గుతాను. పదునుగా ఉండి, సర్వీసు ఖర్చు ధరలో తగ్గిస్తే 3570.50.

బిల్లుపుస్తకం:
డబ్బు సంగతి ఎవరూ చెప్పలేదు. ఒకే లావాదేవీలో 2 లక్షలు, ఆ పైన నగదు పుచ్చుకోవడం చట్టం ఒప్పదు, జరిమానా పడేది పుచ్చుకున్నవారికి. బ్యాంకు ద్వారానే పంపండి. మోడల్, వాచీ నంబరు, అమ్మిన తేదీ రాసి సంతకం పెట్టిన రశీదు తీసుకోండి. రేపు బీమాకైనా, తిరిగి అమ్మడానికైనా అదే ఆధారం. షాపులో కొత్తది కొంటే పాన్ అడుగుతారు. 10 లక్షలు దాటిన చేతి గడియారాలకు 2025 ఏప్రిల్ 22 నుంచి 1% టీసీఎస్ (అమ్మేవారు కొనేవారి దగ్గర వసూలు చేసే ఆదాయపు పన్ను) వచ్చింది, మీ వాచీ ధర అంతదాకా పోదు.

విశాఖతీరం:
ఏది కొన్నా ఒకటి గుర్తుంచుకోండి: 50 మీటర్లు అని రాసి ఉన్నా ఈతకు వద్దు, తడిచేత్తో పుషర్ నొక్కొద్దు. పాతదైతే సర్వీసులో పుషర్లకీ, కిరీటానికీ, వెనక మూతకీ ఉండే గాస్కెట్లు (నీరు చొరకుండా ఉంచే రబ్బరు వలయాలు) మార్చి ప్రెషర్ టెస్టు చేయించి, ఆ కాగితం డబ్బాలోనే పెట్టండి.