లౌడన్ కౌంటీలో స్కూల్ బడ్జెట్ గురించి ఎవరితో మాట్లాడాలి?

అందరికీ నమస్కారం. మేం వర్జీనియాలోని లౌడన్ కౌంటీకి వచ్చి రెండేళ్లయింది. మా పాప మూడో తరగతి. ఈ ఏడాదే మొదటిసారి ఎస్‌ఓఎల్ పరీక్షలు (వర్జీనియా రాష్ట్రం పెట్టే ప్రామాణిక పరీక్షలు) రాస్తుంది. చదవడంలో కాస్త వెనకబడింది, అందుకే టెన్షన్‌గా ఉంది. రీడింగ్ టీచర్లను పెంచమని అడగాలని ఉంది, కానీ ఎవరిని?

స్కూల్ బోర్డులో తొమ్మిది మందినీ ప్రజలే ఎన్నుకుంటారు. కౌంటీ స్కూళ్లన్నిటినీ నడిపే అధికారి అయిన సూపరింటెండెంట్‌ను నియమించేది ఆ బోర్డే. కానీ వర్జీనియాలో స్కూల్ బోర్డుకు పన్ను వేసే అధికారం లేదు, స్థానిక నిధులు కౌంటీని పాలించే సూపర్‌వైజర్ల బోర్డు ఇవ్వాల్సిందే. రాష్ట్రం తన వాటాను, కౌంటీ తానెంత భరించగలదో చూపే కాంపోజిట్ ఇండెక్స్‌తో లెక్కగడుతుంది: అందులో ఆస్తుల విలువకు 50 శాతం వెయిటేజీ, జనం ఆదాయానికి 40, అమ్మకాలకు 10. కౌంటీ ఎంత సంపన్నమైతే రాష్ట్రం ఇచ్చే వాటా అంత తగ్గుతుంది. ఇక్కడ డేటా సెంటర్ల నుంచి పన్ను బాగా వస్తుంది కాబట్టి అసలు నిర్ణయం సూపర్‌వైజర్ల చేతిలోనే ఉందని నాకనిపిస్తోంది. నేననుకున్నది సరైనదేనా?

అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి. జనవరిలో సూపరింటెండెంట్ బడ్జెట్ పెట్టగానే స్కూల్ బోర్డు ముందు మాట్లాడితే మేలా, తర్వాత సూపర్‌వైజర్ల హియరింగ్‌లోనా? మాది హెచ్1బీ, ఓటు లేదు. అలాంటివాళ్లు మాట్లాడితే పట్టించుకుంటారా? ఇంకొకటి, స్కూళ్లను పోల్చేటప్పుడు ఎస్‌ఓఎల్ ఉత్తీర్ణత శాతం చూడాలా, ఏడాదిలో పిల్లల ప్రగతి చూడాలా?